ఎనిమిది నెలల పాప వయసు

గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకు పైఅంతస్తులో పన్నెండు మంది పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఉంది. సౌభాగ్య అక్కడ తొమ్మిదేళ్లుగా ప్రోగ్రాములు రాస్తోంది. నాంపల్లి స్టేషన్లో పార్శిల్ మూటలు మోసిన హమాలీ కూతురు. ఆఫీసులో ఆమెకు మొండిదని పేరు.

ఆ ఏడాది వాళ్లు ఒక పిల్లల దవాఖానకు వెబ్ అప్లికేషన్ చేస్తున్నారు. నర్సు పాప వయసు టైపు చేస్తే జ్వరం మందు ఎంత పొయ్యాలో తెరమీద వస్తుంది. సౌభాగ్య అందులో ఒక కట్టడి పెట్టింది. నర్సు టైపు చేసినది ముందు వట్టి అక్షరాలే. దాన్ని పరీక్షించి, సరైనదని తేలాకే ‘వయసు’ అనే టైపు, అంటే అది ఏ రకమో చెప్పే ముద్ర, ఇవ్వాలి. మందు లెక్కగట్టే భాగం ఆ టైపు ఉన్నదాన్నే తీసుకోవాలి. ఎక్కడైనా పరీక్షించనిది లోపలికి పోతుంటే, ప్రోగ్రాము నడవకముందే కోడ్‌ను చదివే ఒక చెకర్ తప్పు చూపిస్తుంది.

దవాఖాన వాళ్లకు చూపించే డెమోకు ముందురోజు చెకర్ నలభై మూడు తప్పులు చూపించింది.

యజమాని శ్యామ్‌సుందర్ ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “చూడమ్మా, అప్లికేషన్ నడుస్తోంది కదా. ఆ లైన్ల పక్కన ‘పట్టించుకోవద్దు’ అని రాసెయ్యి. చెకర్ నోరు మూసుకుంటుంది.”

“నేను రాయ సార్.”

“రేపు డెమో ఉంది.”

“ఉండనియ్యుండ్రి. చూడనిదాన్ని చూసిన అని రాసుడే గదా గది. నా చేతితోని రాయ.”

శ్యామ్‌సుందర్ లేచి వెళ్లి, ఆ పని ఇంకో ప్రోగ్రామర్ జితేందర్‌కు అప్పగించాడు. సాయంత్రానికి తప్పులన్నీ మాయమయ్యాయి. సౌభాగ్యను డెమోకు రావద్దన్నారు. ఆమె మర్నాడు పదింటికల్లా అందరికంటే ముందే దవాఖాన మీటింగ్ గదిలో కూర్చుంది. క్లయింట్ ముందు లేచి పొమ్మనలేక శ్యామ్‌సుందర్ ముఖం తిప్పుకున్నాడు.

జితేందర్ చూపించినదంతా చక్కగా నడిచింది. అప్పుడు సౌభాగ్య హెడ్ నర్సు లక్ష్మీనర్సమ్మను అడిగింది. “అమ్మా, మీరు రిజిస్టర్ల వయసు ఎట్ల రాస్తరో, గట్లనే టైపు చెయ్యుండ్రి జర.”

లక్ష్మీనర్సమ్మ ‘8 నె’ అని కొట్టింది. తెర పరీక్షేమీ లేకుండా ‘8’ ఒక్కటే తీసుకుని మందు ఎంతో చూపించింది. ఆమె కళ్లజోడు సర్దుకుని మళ్లీ చదివింది.

“ఇది ఎనిమిదేండ్ల పిల్లకు పోసే మందు. నేను రాసింది ఎనిమిది నెలల పాపకు.”

దవాఖాన వాళ్లు అప్లికేషన్‌ను వాడబోమని అక్కడే చెప్పేశారు. అంతా సరిచేసి తెస్తే చూస్తామన్నారు.

ఆఫీసుకు వచ్చాక శ్యామ్‌సుందర్ తలుపు వేశాడు. “నా పరువు తీశావు. క్షమాపణ చెప్పు.”

“పిలవకున్నా వచ్చినందుకు చెప్త సార్. ఆపినందుకు మాత్రం చెప్ప. మల్ల గిట్లనే చేస్తే మల్ల ఆపుత. ఉద్యోగం తీసేస్తే తీసెయ్యుండ్రి.”

ఆయన తీసెయ్యలేదు. అంతా సరిచెయ్యడానికి ఎన్ని రోజులు పడుతుందని అడిగాడు. పదకొండు రోజులు పట్టింది. చెకర్ ఒప్పుకోనిదేదీ బయటికి పోకూడదని సౌభాగ్య కాగితం మీద రాయించి, ఆయన చేత సంతకం పెట్టించుకుంది.

ఆ నలభై మూడు తప్పుల్లో ఆరు తను రాసినవే. ఆ సంగతి కూడా ఆఫీసు మీటింగులో అందరి ముందు తనే చెప్పింది.