విమానానికి కట్టిన నిమ్మకాయ

నా చిన్నప్పుడు వరంగల్ చౌరస్తా వెనక సందులో మా తాతయ్యకు బట్టల దుకాణం ఉండేది. దాని మీదే మా ఇల్లు. అప్పటికే తాతయ్యకు చూపు మసకబారుతోంది. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది కూడా మెల్లగా పోతుందని దవాఖానలో చెప్పి పంపారు. ఆ తర్వాత ఆయన చీరల రంగులు నన్ను అడిగేవాడు. నేను ఆకుపచ్చ అంటే, చింతాకా, అరిటాకా అని నిలదీసేవాడు. నాకు ఓపిక తక్కువ, నోటికొచ్చిన ఆకు పేరు చెప్పేసేదాన్ని.

ఒకనాడు తాతయ్య అటక మీది పొడుగాటి పెట్టెను దింపించాడు. అందులో రెక్క విరిగిన చిన్న విమానం ఉంది. మా నాన్న చిన్నప్పుడు మా మేడ మీద అద్దెకున్న ఒక ఆఫీసరు బదిలీ మీద పోతూ దాన్ని వదిలి వెళ్ళాడట. అంతకుముందు ఆయన దాన్ని మామునూరు బీడులో ఎగరేస్తుంటే తాతయ్య ఒక్కసారి చూశాడట. చూపు పూర్తిగా పోయేలోపు ఇంకోసారి చూడాలని ఆయన కోరిక. ఆ కళ్ళతో దుమ్ములోకి, ఎండలోకి పోనివ్వనని నాయనమ్మ తెగేసి చెప్పింది.

పక్కింటి మామ రేడియోలు బాగుచేసేవాడు. ఆయన విమానం పొట్ట విప్పి చూస్తే పాత రేడియోల్లో ఉండేలాంటి గాజు వాల్వు ఉన్న డబ్బీ ఒకటి, అక్కడి నుంచి తోక దాకా మెలితిప్పిన రబ్బరు కనిపించాయి. పెట్టెలోనే ఉన్న ఇంకో డబ్బీ మీది మీట నొక్కితే, కింద నిలబడి దాని తోకను తిప్పవచ్చన్నమాట. రేడియోతో నడిచే విమానమని అప్పుడు తెలిసింది. అయితే ఆ బుల్లి ఇంజను ఏం తాగుతుందో ఆయనకూ అంతుపట్టలేదు. అటుగా పోతున్న నాయనమ్మ వంగి వాసన చూసి, ఇందులో ఆముదం ఉందని చెప్పి వెళ్ళిపోయింది. వారానికోసారి మా తలలకు ఆముదం పట్టించే మనిషికి ఆ వాసన తెలియకపోతుందా! మామ ఆ దారి పట్టుకుని, ఎవరెవరినో అడిగి, ఆముదంలో కిరోసిన్, దవాఖానలో మత్తుకు వాడే ఈథరు కలిపి దాన్ని బుర్రుమనిపించాడు.

విరిగిన చోట్ల వెదురు బద్దలు కట్టాం. పైన తొడగడానికి పల్చటి పట్టుబట్ట కావాల్సి వచ్చింది. తాతయ్య దుకాణంలోని బట్టలన్నీ గుమ్మం దగ్గర వెలుతురులో విప్పించుకుని చూసి, తన కంటికి ఆనిన పసుపురంగు బట్టనే ఎంచుకున్నాడు. అంతా బాగానే కుదిరింది. కానీ రెక్కల కింద రెండు వేళ్ళు పెట్టి ఎత్తితే తోక కిందికి దిగిపోయేది. వెదురు బరువు వెనక పడింది. ముందువైపు కొంచెం బరువు కావాలని, బయలుదేరేముందు ఇనుపముక్క ఒకటి పెడతానని మామ అన్నాడు. నాయనమ్మ మాత్రం అప్పటికీ ఔననలేదు.

బయలుదేరే రోజు తెల్లవారకముందే నాయనమ్మ విమానానికి పసుపు కుంకుమ పెట్టి, కొత్త బండికి కట్టినట్టు నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. అదీ ఎక్కడ? తోకకు! నాకు ఒళ్ళు మండిపోయింది. మామ ఇన్నాళ్ళు పడ్డ కష్టమంతా పోయిందని, దాన్ని తెంపబోయాను. నాయనమ్మ మొహం చిన్నబోయింది. "గాలిల పోయేదానికి దిష్టి తగులదా బిడ్డా? మీ తాత కండ్లు ఆఖరుసారి చూస్తయేమో," అంది.

మామ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. నిమ్మకాయను అరచేతిలో వేసుకుని బరువు చూశాడు.

"పెద్దమ్మా, తోకకొద్దు. ముక్కుకు కడుదాం. జర నువ్వే కట్టు," అన్నాడు.

నాయనమ్మ కట్టింది. మామ వేళ్ళ మీద నిలబెట్టి చూసి, ఇంకొక చిన్న కాయ అడిగాడు. అది కూడా కట్టాక విమానం కదలకుండా నిలిచింది. నాయనమ్మ తనే చెప్పులు వేసుకుని, తాతయ్య చెయ్యి పట్టుకుని మాతో మామునూరు మీదుగా పోయే వర్ధన్నపేట బస్సెక్కింది.

బీడు మీద మంచు ఇంకా విడలేదు. విమానం ఆ తెల్లదనంలోంచి పైకి లేచి, ఎండ పొడ తగిలిన చోట పసుపుపచ్చగా వెలిగి మళ్ళీ మసకలోకి పోయేది. తుమ్మెద రొదలాంటి దాని చప్పుడు ఒకసారి దగ్గరగా, ఒకసారి ఎక్కడో కలలోంచి వచ్చినట్టు వినిపించేది. తాతయ్య చూపు ఎక్కడెక్కడో వెతుకుతోంది. నాయనమ్మ ఆయన గడ్డం పట్టుకుని, విమానం ఎటు పోతే అటు ఆయన మొహాన్ని మెల్లగా తిప్పసాగింది. చాలాసేపటికి తాతయ్య, "కానొస్తాంది," అన్నాడు. నాయనమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

తిరుగు బస్సులో మామను అడిగాను, ఇనుపముక్క పెడితే సరిపోయేది కదా అని.

"ఇనుపముక్క పెడితె ఇమానం ఒక్కటే లేసేది బిడ్డా. మీ నాయనమ్మ ఇంట్లనే ఉండేది. మీ తాతను మనెంట తోలేది కాదు," అన్నాడు.

నా నోటి దురుసు ఇప్పటికీ పోలేదని మా ఇంట్లో అంటారు, అది నిజమే. కానీ ఎవరైనా ప్రేమతో ఏదైనా తెచ్చి తప్పుచోట పెడితే, దాన్ని తీసి పారేయడానికి నాకు చేతులు రావు. అది ఎక్కడ పనికొస్తుందా అని వెతుకుతాను. దొరికాక, తెచ్చినవాళ్ళ చేతనే అక్కడ పెట్టిస్తాను.