మేడం చిప్పలో గీత

మా బడి ఫిజిక్స్ సారు పోయారని మొన్న పొద్దున ఫోన్ వచ్చింది. బాధ కలిగింది. ఆ వెంటనే, ఆయన కోసం ఎంతమంది వస్తారో తలచుకుని కడుపు మండింది. ఈ మాట దాచి ఆయన గురించి రాయలేను.

గోదావరిఖనిలో పదేళ్లు పక్కపక్క గదుల్లో పాఠాలు చెప్పాం. నాది జీవశాస్త్రం. పిల్లలు తెలియనిది అడిగితే ఆయన సిగ్గుపడకుండా, "నాకు తెల్వదురా, రేపు చెప్త" అనేవారు. మర్నాడు వెతికి పట్టుకొచ్చి మరీ చెప్పేవారు. నేనైతే ఏదో ఒకటి చెప్పి దాటేసేదాన్ని. విరామంలో పిల్లలు ఆయన చుట్టూ మూగుతుంటే కిటికీలోంచి చూసేదాన్ని.

నాకంటూ ఉన్నది ఒక పెద్ద ఆల్చిప్ప. ఉద్యోగంలో చేరిన ఏడాది గోదావరి ఇసుకలో దొరికింది. "చిన్న గీత కూడ లేదు చూడుండ్రి" అని ప్రతి తరగతికీ చూపించేదాన్ని. పిల్లలు దాన్ని మేడం చిప్ప అనేవారు.

ఒకరోజు సారు, రామగుండం ప్లాంటులో పనిచేసే తన బావను బడికి పిలిపించారు. కరెంటు తీగల అతుకులు ఎక్కడ వేడెక్కాయో చూపించే కెమెరా ఆ బావ వెంట తెచ్చాడు. సారు, నేను పాఠాలకు వాడే ఆల్చిప్పల పెట్టె అడిగి తీసుకుని, ఒక్కో చిప్పను పెద్ద బల్బు కింద వెచ్చబెట్టి, కెమెరా తెర మీద పిల్లలకు చూపించారు. లోపల పొర విడిపోయిన చోట వేడి దిగక అక్కడే నిలిచిపోతుందట. అది తెల్లగా కనిపిస్తుందట. నా పెద్ద చిప్పకు అడ్డంగా తెల్లటి గీత కనిపించింది.

"మేడం, దీన్ని జర పైలంగ పెట్టుండ్రి. లోపల పగులున్నది," అన్నారాయన మెల్లగా.

పెట్టె నాది, చిప్పలు నావి, చప్పట్లు ఆయనకు.

"ఇరవై ఏండ్ల సంది నా దగ్గరున్నది. గా కెమెరా డబ్బకేం తెలుసు?" అన్నాను. పగులు లేదని చూపించాలని పంతం కొద్దీ ల్యాబు పొయ్యి మీద నీళ్లు మరిగించి, చిప్పను అందులో ముంచి తీసి, చన్నీళ్లలో వేశాను. టక్కుమంది. గీత కనిపించిన చోటే రెండు ముక్కలైంది.

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.

"నవ్వుడేందిరా?" అన్నారు సారు. "పగులున్నదని నేను ఉత్తగ చెప్పిన. ఉన్నదో లేదో మేడం తేల్చి చూపెట్టిండ్రు. పరీక్ష చేసుడంటే గిదే. రాసుకోండ్రి."

పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు.

నన్ను కాపాడారని తెలుసు. అయినా ఆ రోజు అసూయ తగ్గలేదు, ఇంకా పెరిగింది. ఆయన స్థానంలో నేనుంటే నాకు ఆ మాట తట్టేది కాదు. తట్టినా అనేదాన్ని కాదు. ఆయన ఉన్నన్నాళ్లూ థాంక్స్ కూడా చెప్పలేదు.

ప్రత్యేక రాష్ట్రం వచ్చిన సంబరం వీధుల్లో ఇంకా ఉంది. నిన్న సమాధుల తోటలో ఎండ మండిపోతోంది. గనిలో మొదటి షిఫ్టు ముగించి బొగ్గు బట్టలతోనే వచ్చిన పాత విద్యార్థులు ఆయన శవపేటిక మీద గొడుగులు పట్టారు. ఎంతమందో లెక్కపెట్టకుండా ఉండలేకపోయాను.

గొడుగు పట్టుకున్న ఒకమ్మాయి వెనక్కి తిరిగింది. "ఎండల నిలబడ్డరేంది మేడం? ఇటు రాండ్రి."

ఆయన కోసం తెచ్చిన గొడుగు కింద, ఒక భుజం ఎండలోనే ఉండగా, మట్టి వేసేదాకా నిలబడ్డాను.