పిచ్చర్ నుదుట కుంకుమ

అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్ళో ఉన్న ఆ రోజుల్లో శనివారమైతే ఆటగాళ్ళ బొమ్మలుండే బేస్‌బాల్ కార్డుల సంత, ఆదివారమైతే మా బేస్‌మెంట్‌లో పారాయణం. నేను పుట్టిన ఏడు అచ్చయిన సెట్టులో ఒక్క కార్డు తప్ప అన్నీ కూడబెట్టాను. ఆ ఒక్కటీ సంతలో ఒక ముసలి వ్యాపారి దగ్గర ఉంది. నా దగ్గర ఒక పిచ్చర్, అంటే బంతి విసిరేవాడి, కార్డులు రెండున్నాయి; ఒకటి అప్పటికే మూల నలిగింది. మరకా మడతా లేని రెండోదిస్తే, దానికి తన కార్డు ఇస్తానన్నాడు.

దసరా ముందు పారాయణంలో నేనే గట్టిగా చెప్పాను: "ఆయుధపూజ నాడు మనకి అతి ఇష్టమైన వస్తువు అమ్మవారి ముందు పెట్టాలి."

"మరి మీ బొమ్మల కార్డుల సంగతేంటి, అన్నయ్యగారూ?" అంది వెనక నుంచి ఒకావిడ. అందరూ గొల్లుమన్నారు.

చెప్పినవాణ్ణి, నాకు తప్పుతుందా? పూజ నాడు కారు తాళాల పక్కన ఆ మంచి పిచ్చర్‌ కార్డుని కూర్చోబెట్టాను. అమ్మవారి ఎదుట ముసుగేమిటని ప్లాస్టిక్ కవర్ కూడా తీసేశాను. 'సెట్టు నిండాలి తల్లీ' అని కళ్ళు మూసుకుని, తెరిచేసరికి మా ఆవిడ వరసగా అన్నిటికీ తడి కుంకుమ పెట్టేసింది. పిచ్చర్‌కి టోపీ కింద, సరిగ్గా నుదుటి మధ్య!

"అయ్యో, ఏం చేశావే!"

"కారుకి పెడితే ఊరుకున్నారుగా? చూడండి, పెళ్ళికొడుకులా ఎంత కళగా ఉన్నాడో!"

శనివారం వ్యాపారి భూతద్దం పెట్టి చూశాడు. "మూలలు బ్రహ్మాండం. బొమ్మ సరిగ్గా మధ్యలో పడింది. ఈ ఎరుపేంటి?"

పూజ సంగతంతా చెప్పాను. కళ్ళజోడు జారిపోయేలా నవ్వాడు. "కాఫీ మరకలు చూశాను, పొగాకు మరకలు చూశాను. దేవత మరక ఇదే ఫస్ట్ టైమ్! సారీ ఫ్రెండ్, మరక పడితే కార్డు గ్రేడ్ పోయినట్టే, విలువ తగ్గిపోయింది."

నాకు కావలసిన కార్డు మళ్ళీ ఆయన పెట్టెలోకి వెళ్ళిపోయింది. నా ప్రాణం కూడా దాని వెంటే వెళ్ళింది. ఇంతలో ఆయన బల్ల కిందికి వంగి, అదే కార్డు మరొకటి తీశాడు. కార్డుల ప్యాకెట్‌లో వచ్చే బబుల్‌గమ్ అంటుకుని ఆటగాడి చొక్కా మీద పెద్ద మరక.

"దీన్నెవరూ అడగరు. నీ మరకకి నా మరక, ఓకేనా?"

ఓకేనా అట! పార్కింగ్ లాట్‌లో మంగళహారతి పాడుకుంటూ పరుగెత్తాను. అమ్మవారిని కార్డు అడిగాను గానీ గ్రేడ్ అడగలేదు కదా!

కార్లో కూర్చున్న మా ఆవిడ కార్డు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇతని నుదురు బోసిగా ఉందేమండీ?"

"ఇంటికెళ్ళగానే పెడుదువుగాని, పద!"