కోన్ల ఆటకు చందాలు

శిరోమణి గారి గురించి చెప్పాలంటే ముందు ఆవిడ కారు గురించి చెప్పాలి. వెండి రంగు డెమియో, ఎడమవైపు తలుపు సొట్ట, వెనక సీట్లో ఉతికిన దుప్పట్లు, ఒక డబ్బా నిండా చేగోడీలు. రేపల్లె నుంచి న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌ వచ్చి, ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి స్నానాలు చేయించి, మందులిచ్చి, కాసేపు కబుర్లు చెప్పే ఉద్యోగంలో చేరింది. భూకంపం వచ్చిన ఏడాది ఊళ్ళో రోడ్లన్నీ చీలికలు పేలికలయ్యాయి. నిన్న తెరిచిన వీధి ఇవాళ మూసేస్తారు, ఇవాళ మూసినది ఎప్పుడు తెరుస్తారో దేవుడికే ఎరుక. ఎటు చూసినా దారి మూసేందుకు పెట్టిన ఆరెంజి రంగు కోన్లే. అయినా సరే, ఏ సందులో దూరి ఏ గొందిలో తేలేదో గానీ, ఆవిడ కోసం ఎదురుచూసే ఒక్క ముసలమ్మకు కూడా మందు తప్పలేదు. "వస్తానని చెప్పాక రాకపోతే ఎట్టా?" అనేది. ఇదేదో ఘనకార్యమని ఆవిడా అనుకోలేదు, భర్త దేవపాల్ గారూ అనుకోలేదు.

అనుకున్నవాడు ఒక్కడే, చెల్లెలి కొడుకు ఫ్రాంక్లిన్. స్టూడెంట్ వీసా మీద వచ్చి, రిక్కార్టన్‌లో పెద్దమ్మ ఇంట్లోనే ఉండి కంప్యూటర్లు చదివాడు. రెండేళ్ళు ఆఫీసులో పనిచేసి, బంగారంలాంటి ఉద్యోగం మానేసి, గరాజ్‌లో కూర్చుని వీడియో గేమ్ తయారు చేయడం మొదలుపెట్టాడు. ఆ ఆటలో ఒక ఊరు ఉంటుంది. తెల్లారేసరికి కోన్లు చోటు మారిపోతుంటాయి. బొద్దుగా, యూనిఫాం వేసుకున్న ఒకావిడ చిన్న కారేసుకుని ఆ సందుల్లోంచి దారి వెతుక్కుంటూ ముసలివాళ్ళ ఇళ్ళకు మందులు చేర్చాలి.

మొదటిసారి చూపించినప్పుడు శిరోమణి గారు కళ్ళజోడు సర్దుకుని స్క్రీన్ మీదకు వంగింది.

"ఒరేయ్, నన్ను ఇంత లావుగా వేశావేంట్రా?"

"కాస్త తగ్గించే వేశాను పెద్దమ్మా."

వాడి నెత్తి మీద ఒక్కటిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు పడింది.

ఆటైతే సగమయింది గానీ వాడు దాచుకున్న డబ్బు పూర్తిగా అయిపోయింది. మిగతా సగానికి రెండే దారులు. ఆక్లండ్ పక్కనున్న ఆల్బనీలోని ఒక గేమ్ కంపెనీ ఏడాది ఖర్చంతా తానే పెట్టుకుంటానంది. లేదంటే ఇంటర్నెట్‌లో ఒక పేజీ తెరిచి, "నా ఆట ఇదీ, నచ్చితే తలా కాస్త వేయండి, తయారయ్యాక మీకొక కాపీ ఇస్తాను" అని జనాన్నే అడగాలి. శిరోమణి గారికి ఇందులో ఆలోచించాల్సింది ఏముందో అర్థం కాలేదు.

"కంపెనీ అంటే నెలనెలా జీతంలాంటిది. హాయిగా సంతకం పెట్టు. ముక్కూమొహం తెలియనోళ్ళ ముందు చెయ్యి చాపడం మన ఇంటావంటా ఉందా?"

ఫ్రాంక్లిన్ ఆక్లండ్ వెళ్ళాడు. తిరిగొచ్చి బ్యాగు కింద పడేసి సోఫాలో కూలబడ్డాడు.

"వాళ్ళకు ఆట నచ్చింది. నువ్వు నచ్చలేదు."

"నేను నచ్చకపోవడమేంట్రా?"

"ఆట మీద హక్కులన్నీ వాళ్ళవేనంట. నీ బదులు పాతికేళ్ళ కుర్రాణ్ణి పెట్టాలంట, మోటార్‌సైకిల్ మీద. ముసలాళ్ళకు మందులు ఎవడు చూస్తాడు, పిజ్జాలు ఇప్పించు అన్నారు."

శిరోమణి గారు బియ్యం కడుగుతోంది. గిన్నె నిండి నీళ్ళు పొర్లిపోతున్నా కుళాయి కట్టలేదు. ఒళ్ళు మండిపోయింది ఆవిడకు. ఇంత కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆవిడకే తెలియలేదు. ఆ లావుపాటి బొమ్మ మీద తనకు ఇంత మమకారమని అప్పుడే తెలిసింది. ఎవరో ఒకరు తనను అంత శ్రద్ధగా చూశారు, చూసి బొమ్మ గీశారు. దాన్ని చెరిపేస్తామంటారా?

"ఆ కాగితం మీద సంతకం పెట్టావంటే ఈ గుమ్మం తొక్కమాక."

"మరి డబ్బులు?"

"జనాన్ని అడుగు."

"చెయ్యి చాపడం అన్నావుగా?"

"అన్నాను. ఇప్పుడు అనటంలా. ఏం?"

పేజీ తెరిచారు. దానికి నెల గడువు, ఒక పెద్ద మొత్తం లక్ష్యం. ఆఖరి ఆదివారం సాయంత్రం ఆరింటికల్లా ఆ మొత్తం చేరితే సరే, లేదంటే అప్పటిదాకా వచ్చినదంతా ఎవరిది వాళ్ళకు వెళ్ళిపోతుంది, ఫ్రాంక్లిన్‌కు ఒక్క డాలరు కూడా మిగలదు. ఆ సంగతి వాడు పెద్దమ్మకు చెప్పాడు. ఆవిడ సగం వింది. మిగతా సగం ఆవిడ బుర్రలో అప్పటికే తయారైపోయింది.

ఎందుకంటే చందా అంటే ఎలా ఉండాలో శిరోమణి గారికి తెలుసు. వాళ్ళ తెలుగు చర్చి సహవాసంలో బిడ్డ పుట్టినా, వీసా వచ్చినా, ఆపరేషన్ గట్టెక్కినా కృతజ్ఞత కానుక ఇస్తారు. తెల్ల కవరు, మీద పేరు, లోపల నోటు. పాస్టర్ గారు మైకులో ఒక్కో పేరూ చదివి ప్రార్థన చేస్తారు. పేరు చదవకపోతే ఇచ్చినట్టే కాదు! అందుకని నాలుగు వారాలూ ఇంటింటికీ తిరిగింది. టీ తాగింది, చేగోడీలు పంచింది, కవర్లు వసూలు చేసింది. ఒకాయన యాభై ఒకటి, ఒకావిడ నూటొకటి. ఆ కవర్లన్నీ బుట్టలో పెట్టి బీరువాలో దాచింది. ఆఖరి ఆదివారం అందరి ముందూ వాడి చేతిలో పెట్టాలని, వాడు నోరు వెళ్ళబెడితే చూడాలని ఆవిడ ముచ్చట.

ఇక్కడ ఫ్రాంక్లిన్ రోజూ పేజీ చూసుకుంటున్నాడు. జర్మనీ వాళ్ళు వేశారు, డునీడిన్ వాళ్ళు వేశారు, మనవాళ్ళు ఒక్కరంటే ఒక్కరు వేయలేదు. వాడి మనసు చివుక్కుమంది. పైకి అనలేదు.

ఆఖరి ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టర్ గారు వాణ్ణి ముందుకు పిలిచి, పేర్లన్నీ చదివి, ప్రార్థన చేసి బుట్ట చేతికిచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఫ్రాంక్లిన్ నిజంగానే నోరు వెళ్ళబెట్టాడు. అయితే సంతోషంతో కాదు.

"పెద్దమ్మా, ఇవి ఇక్కడ కాదు, ఆ పేజీలో పడాలి. ఎవరి కార్డుతో వాళ్ళే కట్టాలి. అక్కడ పడకపోతే లెక్కలోకి రావు."

శిరోమణి గారు బుట్ట మీద చెయ్యి వేసింది. "మన కార్డులతో కట్టేద్దాం. రేపు బ్యాంకులో ఇవి వేసుకుందాం."

"మనింట్లో కార్డులన్నీ గోకినా సగం రాదు. రేపటికి పేజీ ఉండదు."

గోడ గడియారంలో నాలుగు దాటింది. హాల్లో జనం కోట్లు తొడుక్కుంటున్నారు. శిరోమణి గారు వెళ్ళి మైకు పట్టుకుంది.

"అందరూ కూర్చోండి. కవర్లు ఎవరివి వాళ్ళు తీసుకుని, ఫోన్‌లో కట్టండి."

హాలు గుసగుసలతో నిండిపోయింది. సంఘ పెద్ద సుబ్బయ్య గారు లేచి నిలబడ్డారు. ఆయన మొహం ఎర్రబడింది.

"ప్రార్థన చేసి ఇచ్చిన కానుక వెనక్కి ఇస్తావా శిరోమణమ్మా? మా డబ్బు చేదయిందా?"

ఇంతమంది ఇళ్ళకు తిరిగినప్పుడు కూడా 'మావాడి ఆటకు' అనే అడిగింది, తన కోసమని ఎక్కడా అడగలేదు. అసలు తన కోసం అడగడమే ఆవిడకు చేతకాదు. మైకు రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"తప్పు నాదే సుబ్బయ్య గారూ. వాడు చెప్పాడు, నేను వినలా. అయినా ఒక మాట చెప్తాను. ఆ ఆటలో ఉండేది నేను. నన్ను తీసేసి ఇంకెవడినో పెడతామన్నారు. నాకు ఇష్టం లేదు. నాకు... అందులో ఉండాలనుంది. వాడి కోసం కాదు, నా కోసం అడుగుతున్నా. ఇంకోసారి ఇవ్వండి."

వెనక వరసలో దేవపాల్ గారు జేబురుమాలు తీశారు. సుబ్బయ్య గారు కోటు విప్పి కుర్చీ మీద వేశారు.

"ఇచ్చింది మాత్రం వెనక్కి తీసుకోం. ఆ బుట్టతో ఆట వచ్చిన రోజు అందరికీ బిర్యానీ పెట్టు. ఒరేయ్ ఫ్రాంక్లినూ, ఇట్రా. ఈ ఫోన్‌లో ఎక్కడ నొక్కాలి?"

ఇక చూడాలి సందడి! ఒకరికి పాస్‌వర్డ్ గుర్తుండదు, ఒకరికి కళ్ళజోడు ఉండదు, ఇంకొకరి కార్డు ఇంట్లో. ఫ్రాంక్లిన్ వరస వరసకూ పరుగెత్తాడు. డబ్బు పడినప్పుడల్లా శిరోమణి గారు మైకులో పేరు చదివింది, జనం "ఆమేన్" అన్నారు. ఆరింటికి ఇంకా కాస్త టైముండగానే లక్ష్యం దాటింది. దాటించింది సుబ్బయ్య గారి నూటపదహార్లు. ఆయన ఆ సంగతి ఇప్పటికీ ఎవరినీ మరచిపోనివ్వరు.

జనం టీల మీద పడ్డాక ఫ్రాంక్లిన్ ఒక మూల కూర్చుని, డబ్బు వేసినవాళ్ళు రాసిన మాటలు చదువుకుంటున్నాడు. ఉన్నట్టుండి, "పెద్దమ్మా, ఇది విను" అన్నాడు. టిమరు ఊరి నుంచి ఎవరో కివీ ఆయన, ఈ దేశస్థుడే, ఇరవై డాలర్లు వేసి నాలుగు ముక్కలు రాశాడు. ఫ్రాంక్లిన్ దాన్ని తెలుగులో చెప్పాడు:

"భూకంపం తర్వాత క్రైస్ట్‌చర్చ్‌లో, న్యూ బ్రైటన్‌లో మా అమ్మ ఒక్కతే ఉండేది. నేను వెళ్ళలేకపోయాను. మీ బొమ్మలాంటి ఆవిడే ఒకరు చిన్న కారులో రోజూ వచ్చేదని అమ్మ ఫోన్‌లో చెప్పేది. అమ్మ పోయింది. ఆవిడ పేరేమిటో నేను ఎప్పుడూ అడగలేదు."

అది తానో, తనలాంటి ఇంకో ఆడమనిషో శిరోమణి గారికి తెలియదు. న్యూ బ్రైటన్‌లో ఆవిడకు ఎన్ని ఇళ్ళని! చేతిలో టీ చల్లారిపోతోంది. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, వాడి పక్కన కూర్చుంది.

"జవాబు రాయరా," అంది. "శిరోమణి అని రాయి. ఒకవేళ నేను కాకపోతే ఇంకెవరో కనుక్కుని చెప్తానని కూడా రాయి."