గీత కింద జవాబు

మా బావను వాళ్ళ అపార్ట్‌మెంటులో అందరూ ‘కాదుగారు’ అంటారు. ఎదురుగా అనరు, లిఫ్టు తలుపు మూసుకున్నాక అంటారు. ఎవరు ఏ సంగతి ఎత్తినా "కాదండీ, అది అలా కాదు" అని అందుకోవడం ఆయనకు పుట్టుకతో వచ్చిన రోగం. పెళ్ళయిన కొత్తలో మా అక్క కొత్త చీర కట్టుకొచ్చి, ఈ రంగు నాకు నప్పిందా అని అడిగితే "దేంతో పోల్చి చెప్పమంటావ్?" అన్నాడట. ఆ మాట మా అక్క ఇప్పటికీ నెలకోసారైనా దెప్పుతుంది.

ఆయన ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. నడవా చివర కిటికీలు లేని గది. తలుపు లోపల సీసం రేకు ఉంటుంది కాబట్టి భుజం ఆనించి తోస్తేగానీ తెరుచుకోదు. వచ్చినవాళ్ళను పలకకు ఛాతీ ఆనించి నిలబెట్టి, గడ్డం పైకెత్తించి, తను అద్దం వెనక్కి వెళ్ళి "గాలి పీల్చండి, బిగబట్టండి... ఆ, వదలండి" అంటాడు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఇదే పాట. వచ్చినవాళ్ళు అడిగేదీ ఒకటే పాట: "ఇది ఒంటికి మంచిది కాదట కదా?" బావ విసుక్కోడు. ఓ పది రోజులు ఊరికే ఈ నేల మీద తిరిగినా ఒంటికి ఇంతే సోకుతుందని, మొదటి మనిషికి చెప్పినంత శ్రద్ధగా నలభయ్యో మనిషికీ చెప్తాడు.

చేతికి ఫోను వచ్చాక ఆ గది ఆయనకు చాల్లేదు. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఒకరు భూమి మీద మూడు రోజులు చీకటి కమ్ముతుందని పెడతారు. ఇంకొకరు సెల్ టవర్ వల్ల పిట్టలు రాలిపోతున్నాయంటారు. ఒక నాయకుడు అనని మాట అన్నాడని వస్తే బావ పూర్తి ఉపన్యాసం వెతికి తెచ్చి "కాదు" అంటాడు. వారం తిరక్కుండా అవతలి పార్టీ నాయకుడి మీద దొంగ ఫోటో వస్తే దానికీ "కాదు" అంటాడు. వీళ్ళు ఆయన్ను వాళ్ళ మనిషన్నారు, వాళ్ళు వీళ్ళ మనిషన్నారు. రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు. ఎన్నికలప్పుడు కింది అంతస్తు రిటైర్డ్ ఇంజనీరు ఆయనతో మాట్లాడటమే మానేశాడు.

నాకంత ఓపిక లేదు. నాది టైర్ల కొట్టు. చిరిగిన టైరు పట్టుకొచ్చి బాగానే ఉందని వాదించేవాణ్ణి కొట్టు మెట్లు దింపేదాకా ఊరుకోను. "కుక్కతోక వంకర ఎన్నాళ్ళు సరిచేస్తావు బావా?" అని కేకలేసేవాణ్ణి. "తెలిసి వంకరగా ఉన్నవాళ్ళు కొందరేరా. తెలియక ఉన్నవాళ్ళు ఎక్కువ," అనేవాడు. అలాంటి మనిషిని ఏం తిట్టేది?

ఆయన జవాబు రాసే తీరు ఒకటుంది. ఎదుటివాళ్ళు పెట్టిన అబద్ధాన్ని ఒక్క అక్షరం పోకుండా పైన పెట్టేవాడు. దాని కింద గీత గీసేవాడు. గీత కింద "కాదు" అని మొదలుపెట్టి, ఎందుకు కాదో వరసగా రాసేవాడు. "ముందు కాదు అని ఏడవొచ్చుగా, అంత పొడుగు ఎవరు చదువుతారు?" అని మా అక్క ఎన్నోసార్లు అంది. "పూర్వపక్షం చెప్పకుండా ఖండించేవాడు దొంగ," అనేవాడు బావ. 

ఆ మాట ఆయన సొంతం కాదు. వాళ్ళక్కది. నాకు వరసకు వదిన. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి ఆవిడే పెంచింది. బళ్ళో పాఠాలు చెప్పేది. తమ్ముణ్ణి వక్తృత్వ పోటీలకు తయారుచేస్తూ, ఎదుటి పక్షం మాటను వాళ్ళకంటే నువ్వే బాగా చెప్పు, ఆ తర్వాత పడగొట్టు అని నేర్పింది. తను పెళ్ళి చేసుకోలేదు. అడిగితే "ఒక మగపిల్లాణ్ణి పెంచాను, ఇంకోణ్ణి పెంచే ఓపిక లేదు" అని నవ్వేది. బావ ఇంటికి రెండు వీధుల అవతల ఒక్కతే ఉండేది.

ఆ వదినకు గొంతు బొంగురుపోయింది. ముప్పై ఏళ్ళు పిల్లల మీద అరిచిన గొంతు కదా అనుకున్నాం. తగ్గకపోతే బావే చూపించాడు. గొంతులో చిన్న పుండు, అది క్యాన్సరే. కానీ డాక్టరు నవ్వుతూనే చెప్పాడు. "మొదట్లోనే పట్టుకున్నాం. కోత అక్కర్లేదు. ఏడు వారాలు కిరణాలు పెట్టించుకుంటే చాలు. ఇలాంటివి నూటికి తొంభై దాకా నయమవుతాయి. గొంతు కూడా నిలుస్తుందమ్మా." ఆ రోజు బావ మొహం చూడాలి. పరీక్ష పాసైన పిల్లాడిలా ఉన్నాడు.

ఆ కిరణాలు పెట్టే యంత్రం బావ ఆస్పత్రిలో లేదు. వేరే ఊరు వెళ్ళాలి. వదిన స్నేహితురాలు, ఆవిడా టీచరే, ఆ ఊళ్ళోనే ఉంటుంది. బావ వెంట వస్తానంటే వదిన వద్దంది. "నీ సెలవులు దాచుకోరా చిన్నోడా. నేనేమన్నా పాలు తాగే పిల్లనా?" ఏడు వారాలకు తిరిగొచ్చింది. మెడకు స్కార్ఫు చుట్టుకుంది. కిరణాలు పడ్డచోట చర్మం నల్లబడుతుంది, అందుకే దాచుకుంటోందనుకుని బావ కదిలించలేదు. కాగితాలు అడిగితే పెట్టెలో ఉన్నాయంది. ఫోనులో వచ్చిన ప్రతి ముక్కకీ ఆధారం అడిగే మనిషి, అక్కను మాత్రం అడగలేదు.

కొన్ని నెలలకు దగ్గు పట్టుకుంది. నా వ్యానులోనే ఆస్పత్రికి తీసుకెళ్ళాను. "మా అక్కకు నేనే తీస్తాను," అన్నాడు బావ. పలకకు ఛాతీ ఆనించి నిలబెట్టాడు, గడ్డం ఎత్తించాడు. నేను ఆయనతో పాటు అద్దం వెనక నిలబడ్డాను. "గాలి పీల్చక్కా. బిగబట్టు."

తెర మీద బొమ్మ వచ్చింది. నాకు టైరులో మేకు తప్ప ఇంకేం తెలుస్తుంది? ఊపిరితిత్తుల్లో అక్కడక్కడ తెల్లటి గుండ్రాలు కనబడ్డాయి, అంతే. కానీ బావ నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. చెప్పాల్సిన మాట చెప్పలేదు. అవతల వదిన పలకను పట్టుకుని, మొహం ఎర్రబడుతున్నా, చెప్పిన మాట వినే పిల్లలా అలాగే నిలబడింది. చివరికి ఆవిడే అడిగింది.

"ఒరే చిన్నోడా, ఇంక వదలొచ్చా?"

బావ బయటికొచ్చి ఆవిణ్ణి స్టూలు మీద కూచోబెట్టాడు. మెడ మీద స్కార్ఫు తనే తీశాడు. చర్మం నున్నగా, తెల్లగా ఉంది. ఒక్క మచ్చ లేదు.

"ఇదేంటక్కా? నువ్వసలు పెట్టించుకున్నావా?"

"లేదు," అంది వదిన. "ఏదో ఆకుపొడి తాగాను. నీ మాట మీదే మానేశాను కదరా."

"నా మాటేంటి?"

వదిన సంచిలోంచి ఫోను తీసి చూపించింది. ఎవరో తోటి టీచరు పంపిన బొమ్మ. పైన బావ పేరు, పక్కన ‘ఎక్స్‌రే విభాగం’ అని. కింద: క్యాన్సరుకు కిరణాలు పెట్టించుకుంటే అది ఒళ్ళంతా పాకుతుంది, ఆస్పత్రులవాళ్ళకు తెలిసినా చెప్పరు. ఎప్పుడో గ్రూపులో దాన్ని ఖండించడానికి బావ పైన పెట్టిన ముక్క అది. ఎవరో గీత దాకా ఫోటో తీసి, మిగతాది వదిలేసి, లోకం మీద పడేశారు.

"ఆ ఉద్యోగంలో ఉండి నోటితో చెప్పలేక అక్కడ రాశావనుకున్నాను. నిన్నడిగితే ఇరుకున పెట్టినట్టవుతుందని అడగలేదు," అంది వదిన.

బావ ఆ ఫోను తీసుకుని బొటనవేలితో బొమ్మను పైకి తోశాడు. అది కదల్లేదు. మళ్ళీ తోశాడు. "కింద ఉందక్కా. కింద రాశాను," అంటూ తోస్తూనే ఉన్నాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపాల్సొచ్చింది.

తర్వాత తన ఫోనులో వెతికి, గీతా, గీత కింద జవాబూ చూపించాడు. వదిన కళ్ళజోడు పెట్టుకుని, పరీక్ష పేపరు దిద్దినట్టు చివరిదాకా చదివింది. 

"పూర్వపక్షం బాగా చెప్పావురా," అంది. "మరీ బాగా చెప్పావు."

వానలు మొదలయ్యేలోపే పోయింది. చివరి రోజుల్లో గొంతు పూర్తిగా పోయి, పలక మీద రాసి చూపించేది. ఒకసారి బావ గదిలో లేనప్పుడు ‘వాణ్ణి తిట్టకు’ అని నాకు రాసింది. నేను తిట్టాలనుకుంది ఆయన్ను కాదు. ఆ ఫోటో తీసి కత్తిరించిన చెయ్యి నాకు దొరికితే ఏం చేసేవాణ్ణో నాకే తెలియదు. కానీ ఆ చెయ్యి కూడా ఎవరికో మేలు చేస్తున్నాననుకునే పంపి ఉంటుంది. ఇది తలుచుకుంటే కోపం కూడా నిలవదు, ఏడుపొస్తుంది.

పలకరించడానికి అందరూ వచ్చారు. మాట్లాడటం మానేసిన ఇంజనీరు కూడా భార్యతో వచ్చి బావ పక్కన కూచున్నాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ అంది.

"మీరు ముందే చెప్పారు అన్నయ్యగారూ. ఆ కిరణాల జోలికి పోవద్దని అందరికంటే ముందు చెప్పింది మీరే. పాపం, మీ అక్కగారికే అవి పెట్టించక తప్పలేదు కాబోలు. మీరు రాసింది చూసే మా ఆడపడుచుకు మాన్పించేశాం."

బావ లేచాడు. "ఎక్కడుంటారావిడ?" అన్నాడు. ఆ మాట తప్ప ఇంకేం అనలేదు. చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోతే నేను వెనకాలే పట్టుకెళ్ళాను.

బస్టాండు వెనక సందులో మూడో అంతస్తు. నలభై ఏళ్ళావిడ తలుపు తీసింది. రొమ్ములో గడ్డ తీసేశారట, కిరణాలే మిగిలాయట. గుమ్మంలోనే నిలబడి బావ మొదలుపెట్టాడు. జన్మలో మొదటిసారి పూర్వపక్షం లేకుండా మొదలుపెట్టాడు.

"అది అబద్ధమమ్మా. మీ డాక్టరు చెప్పినట్టు వెళ్ళి పెట్టించుకోండి. దాని కింద ‘కాదు’ అని రాశాను. మీకు సగమే వచ్చింది."

ఆవిడ ఆయన కాళ్ళకేసి చూసింది. అప్పటికీ చెప్పులు నా చేతిలోనే ఉన్నాయి. "అప్పుడు మీరే రాశారు, ఇప్పుడు మీరే కాదంటున్నారు. ఏది నమ్మమంటారండీ?"

లోపల్నుంచి ఆవిడ భర్త గొంతు వినిపించింది. "ఆస్పత్రివాళ్ళు బెదిరించి పంపించుంటారే. ఉద్యోగం కదా, పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు?"

"మా అక్క పెట్టించుకోలేదమ్మా!" బావ గొంతు పగిలిపోయింది. "పెట్టించుకోకే పోయింది. నా రాత చూసే మానేసి పోయింది."

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నమ్మి కాదు, జాలితో. నా వైపు తిరిగి, "అన్నయ్యగారికి మనసు బాగా చెదిరినట్టుంది. కాస్త ఇంటికి తీసుకెళ్ళి పడుకోబెట్టండి," అని చెప్పి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.

"పద బావా," అన్నాను. ఆయన కదల్లేదు. ఎక్స్‌రే గది తలుపును తోసినట్టు ఆ తలుపుకు భుజం ఆనించి, "వినండమ్మా, కింద ఇంకా ఉంది, వినండి" అంటూ చిన్న గొంతుతో మొదట్నుంచీ చెప్పసాగాడు. లోపల టీవీ చప్పుడు పెంచారు.