అల్పాకాకి మెమో ఇచ్చిన జగన్మోహనరావుగారు

కాగితం మీద పెట్టందే జగన్మోహనరావుగారికి ఏ పనీ జరిగినట్టు అనిపించదు. పప్పులో ఉప్పు తగ్గితే ఇంట్లో భార్య శ్యామలాదేవిగారికి నోట్ పెడతారు. ఆవిడ దాని వెనకే 'ఉప్పు డబ్బా మీ ఎదురుగానే ఉంది' అని రాసి తిప్పి పంపుతారు.

దుబాయ్ అల్ ఖూజ్‌లో మా కంపెనీకి ఆయన హెచ్చార్ మేనేజరు, నేను పికప్ డ్రైవర్ని. ఆయన ఇరవై రెండేళ్లు చేసి, 2022లో రాజీనామా ఇచ్చేసి, అల్ ఐన్ దారిలో అల్పాకాల ఫారం పెట్టారు. అల్పాకా అంటే ఒంటెకి చుట్టం, ఒంటినిండా గొర్రెలా ఉన్ని. "మనుషుల ఫైళ్లు ఖలాస్ అయూబూ, ఇక హాయిగా ఉందాం" అని నన్నూ లాక్కెళ్లారు.

ఆ హాయి వారం నిలవలేదు. ఐదు అల్పాకాల మెడల్లోనూ ఐడీ కార్డులు పడ్డాయి. ఆరు నెలలు ప్రొబేషన్ అన్నారు. చూడ్డానికొచ్చినవాళ్లు "ఇది ఒంటా, గొర్రా?" అనడిగితే, "ఇంకా డిపార్ట్‌మెంట్ కేటాయించలేదండీ" అనేవారు.

ఓరోజు సుల్తానా అనే అల్పాకా ఆయన చొక్కామీద ఉమ్మింది. వెంటనే మెమో టైపు చేసి, దాని ముందు నిలబడి చదివారు. అది బుద్ధిగా విని, మెమో నమిలేసింది.

"సార్, తినేసింది."

"అందినట్టు రాసుకో."

అలాంటి మనిషి దగ్గరికి రాయచోటి హుస్సేనమ్మ వచ్చింది. మా పాత కంపెనీ లేబర్ క్యాంపులో వంటమనిషి. క్యాంపు మూసేశారు. వీసా గడువు ఇక పది రోజులే. ఈయనేమో తెలిసినామె అని కూడా చూడకుండా ఎదురుగా కూర్చోబెట్టి ఇంటర్వ్యూ మొదలెట్టారు. నాకు ఒళ్లు మండింది.

"ఆఖరిసారి సెలవెప్పుడు తీసుకున్నారు?"

"నాకు సెలవులొద్దు సార్, పనిస్తే చాలు."

"అడిగిందానికి చెప్పండి."

"నాలుగేళ్లయింది సార్. నా బదులు వండే మనిషి లేదని పంపలేదు. మనవరాలికి మూడేళ్లు. ఫోన్లోనే చూస్తున్నా."

ఆయన మొహం గంటు పెట్టుకుని టకటకా టైపు చేశారు. ఇక ఉద్యోగం పోయినట్టే అనుకుని ఆమె లేచి నిలబడింది. ఆయన కాగితం నా చేతికిచ్చి చదవమన్నారు.

'హుస్సేనమ్మగారిని వంటమనిషిగా నియమించడమైనది. వీసా పని పూర్తికాగానే రెండు నెలలు జీతంతో సెలవు. విమానం టికెట్ ఫారం తరఫున.'

నేను రెండోసారి చదివాను. హుస్సేనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నా, నవ్వుతోంది.

"చేరకముందే సెలవేంది సార్? ఏ రూల్లో ఉంది?"

జగన్మోహనరావుగారు మళ్లీ కీబోర్డు ముందుకు లాక్కున్నారు.

"ఒక్క నిమిషం ఆగమ్మా, టైపు చేస్తున్నా."