అందరికీ ఒకటే అడ్రసు

"ఇంటి దొంగ దొరికింది" అని మా కాలేజీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అబద్ధం. ఎవరూ దొరకలేదు. ఒక అంకెను పట్టుకుని ఒక మనిషిని వెళ్లగొట్టారు, అంతే.

నల్లగొండలోని మా కాలేజీలో వెబ్‌సైట్ చూసుకునేది నేనే. సద్దుల బతుకమ్మ రోజు ఎవరో ప్రిన్సిపాల్ పాస్‌వర్డ్‌తో సైటులోకి వెళ్లి ఒక విద్యార్థి మార్కులు మార్చారు. ఆ పాస్‌వర్డ్ సగం స్టాఫ్‌కు నోటికి వచ్చు. కాబట్టి ఎక్కడి నుంచి వచ్చారన్నదే ఆధారం. సైటుకు వచ్చినవాళ్లను రాసుకునే సర్వర్ లాగ్‌లో పడ్డ అంకె, అంటే ఐపీ అడ్రసు, మా బిల్డింగ్‌లోదే. ఆ రోజు ఆఫీసులో ఉన్నది కాంట్రాక్టు ఆపరేటర్ ఒక్కతే. అచ్చంపేట వైపు క్రైస్తవుల అమ్మాయి. బతుకమ్మకు మేమంతా ఊళ్లకు పోతే ఆమె డ్యూటీ చేస్తుంది. క్రిస్మస్‌కు ఆమె బదులు మేం చేస్తాం. ఏటా అదే ఒప్పందం.

"నువ్వు గాకుంటే ఆఫీసుల దయ్యమున్నదా?" అన్నాడు ప్రిన్సిపాల్.

"దయ్యం సంగతి నాకెర్క లేదు సార్. మీరందరు పండుగకు పోతే నేను కావలి కూసున్న. గదేనా నా తప్పు?"

ఆమె ఉద్యోగం ఆ అంకె మీద వేలాడుతోంది. నేను లాగ్ వెనక్కి తిప్పాను. ఫలితాలు చూసుకున్న పిల్లలు, ఫీజు కట్టిన ఆలేరు తల్లిదండ్రులు, అందరిదీ అదే అడ్రసు! జిల్లా అంతా మా ఆఫీసులోనే కూర్చుందా ఏం?

అప్పుడు వెలిగింది. సైటు మాటిమాటికీ ఆగిపోతోందని సర్వర్లు చూసే కాంట్రాక్టరు ఎండాకాలంలో మా బిల్డింగ్‌లోనే, మా సర్వర్ ముందు ఇంకో సర్వర్ పెట్టాడు. రివర్స్ ప్రాక్సీ అంటారు. బయటివాళ్లు దాని తలుపు తడతారు, అది వచ్చి మా సర్వర్‌ను అడుగుతుంది. మా సర్వర్ తన ఎదుట నిలబడ్డదాని అడ్రసే రాసుకుంటుంది. అసలు మనిషి అడ్రసును ముందుది జతచేసి పంపాలి. ముందుది పంపినదాన్నే వెనకది నమ్మాలి. ఆ రెండు సెట్టింగులూ ఎవరూ పెట్టలేదు.

మోత్కూర్ బస్టాండులో నిలబడి ఫోన్లో సైటు తెరిచాను. మర్నాడు ప్రిన్సిపాల్‌కు లాగ్ చూపించాను.

"నిన్న నేను మోత్కూర్ల బస్సు కోసం నిలబడ్డ సార్. మీ లెక్కల గప్పుడు కూడ ఆఫీసులనే ఉన్న."

"మరి మార్కులు మార్చిందెవరో చెప్పుండ్రి మేడం."

"తెల్వదు. గామెకు, నాకు, మీకు ఒకటే అడ్రసున్నది. ముగ్గుర్ని తీసేస్తరా?"

"జర నెమ్మదిగ మాట్లాడుండ్రి మేడం."

సెట్టింగులు సరిచేశాను. ఆనాటి నుంచి ఎవరి అడ్రసు వాళ్లదే పడుతోంది. పాతవి మాత్రం రావు. ముందు సర్వర్ లాగ్ ఉందా అని అడిగితే, ఎప్పటికప్పుడు తుడిచేస్తామన్నాడు కాంట్రాక్టరు. ఆమె కాంట్రాక్టును కాలేజీ పొడిగించలేదు.

చివరి రోజు టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటూ, "అక్కా, ఈ క్రిస్మస్‌కు మీకు డ్యూటీ తప్పింది" అన్నది. నవ్విందో లేదో చూడలేకపోయాను.

ఆ బతుకమ్మకు ఆ కుర్చీలో నేనుంటే? నన్నూ దయ్యం సంగతే అడిగేవారా, లేక ముందు కాంట్రాక్టరుకు ఫోన్ చేసి, "మీ సర్వర్ ఒకసారి చూడుండ్రి" అనేవారా?